డిఫరెన్షియల్ ఆంప్లిఫైయర్: ఐసీ చుట్టూ పెట్టే సామాను ఎలా ఎంచుకోవాలి

ఆలంపూర్ ప్రాంతంలో మైక్‌సెట్ పని అంతా ఒక్కసారే మీద పడుతుంది. జోగులాంబ బ్రహ్మోత్సవాలు, పెళ్ళిళ్ళు, ఎన్నికలు వస్తే ప్రచార ఆటోలు. 2028లో కృష్ణా పుష్కరాలు, 2032లో తుంగభద్ర పుష్కరాలు రానున్నాయి. ఆ రద్దీలో సెట్ మొరాయిస్తే పార్టీ ఇంకో షాపుకి వెళ్తాడు. సెట్ మొరాయించడానికి కారణం ఎక్కువగా ఐసీ కాదు, దాని చుట్టూ తొందరలో పెట్టిన సామాను. టీపీఏ3116డీ2 లాంటి డిఫరెన్షియల్ ఐసీతో 12 వోల్టుల ఆటో సెట్ కడుతున్నాం అనుకుని వరుసగా చూద్దాం.

స్పీకర్, బ్యాటరీతో మొదలుపెట్టండి

12 వోల్టుల మీద 4 ఓంల స్పీకర్‌కి లెక్కప్రకారం వచ్చే గరిష్ఠ పవర్ 18 వాట్లు. ఐసీలో, వైర్లలో పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. పార్టీ 50 వాట్లు అడిగితే ఆర్డర్ తీసుకునే ముందే ఈ మాట చెప్పండి. ఒప్పుకుని తర్వాత గెయిన్ పెంచితే సౌండ్ చీలుతుంది, హార్న్ యూనిట్ కాలుతుంది.

ఈ ఐసీలో స్పీకర్ రెండు వైర్లూ లైవే. ఒకదాన్ని బాడీకో గ్రౌండ్‌కో కలిపితే ఔట్‌పుట్ షార్ట్ అవుతుంది. పాత సెట్ల వైరింగ్ అలవాటుతో జరిగే తప్పు ఇదే.

ఇన్‌పుట్ కెపాసిటర్

ఎక్కువ మంది అంచనా మీద పెట్టేసేది దీన్నే. ఇన్‌పుట్ కెపాసిటర్, ఐసీ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కలిసి కింది ఫ్రీక్వెన్సీలను కోసేస్తాయి. ఎక్కడ కోస్తాయో తెలియాలంటే 1ని 2π, ఇంపిడెన్స్, కెపాసిటెన్స్ మూడింటి లబ్ధంతో భాగించాలి. మాటల కోసం వాడే హార్న్‌కి 300 హెర్ట్జ్ దగ్గర కోయడం మంచిది. అంతకన్నా కింది బేస్ హార్న్ నుంచి వినపడదు. పైగా డయాఫ్రం అతిగా కదిలి తెగుతుంది.

టీపీఏ3116డీ2లో గెయిన్ 20 డీబీ పెడితే ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 60 కిలో ఓంలు. 0.01 మైక్రోఫారడ్ పెడితే కోత 265 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. సరిపోతుంది. పార్టీ వచ్చి ‘సౌండ్ చాలడం లేదు’ అంటాడు. మీరు గెయిన్ 26 డీబీకి మారుస్తారు. అప్పుడు ఇంపిడెన్స్ 30 కిలో ఓంలకు పడిపోతుంది, కోత 530 హెర్ట్జ్‌కి ఎక్కుతుంది. గొంతు పల్చబడి మాట రేడియోలోలా వినిపిస్తుంది. 36 డీబీలో ఇంపిడెన్స్ 9 కిలో ఓంలే, కోత 1,700 హెర్ట్జ్ దాటిపోతుంది. గెయిన్ మార్చిన ప్రతిసారీ కెపాసిటర్ కూడా మార్చాలి. 26 డీబీకి 0.018 మైక్రోఫారడ్ పెడితే మళ్ళీ 295 హెర్ట్జ్‌కి వస్తుంది.

భజన బాక్సుకి లెక్క వేరు. 20 డీబీలో 0.047 మైక్రోఫారడ్ పెడితే 56 హెర్ట్జ్ దాకా బేస్ వస్తుంది. ‘ఉంటే ఉందిలే’ అని ఇంకా పెద్దది పెడితే చిన్న స్పీకర్ దాన్ని పలకలేదు, ఆన్ చేయగానే టప్‌మని కొట్టడం మాత్రం పెరుగుతుంది.

రెండు వైపులా ఒకే విలువ

మైక్ వైరు సీరియల్ లైట్ల వైర్ల పక్కనే పోతుంది. 50 హెర్ట్జ్ హమ్ మైక్ వైరులోని రెండు లైన్లలోకీ సమానంగా ఎక్కుతుంది. డిఫరెన్షియల్ ఐసీ ఆ రెండింటి మధ్య తేడానే పెంచుతుంది. అది హమ్‌ని కొట్టేయాలంటే ప్లస్, మైనస్ రెండు వైపులా సామాను ఒకేలా ఉండాలి. ఇన్‌పుట్ కెపాసిటర్లు రెండూ ఒకే రకం, ఒకే విలువ, 5 శాతం ఫిలిం తీసుకోండి.

నాలుగు రెసిస్టర్ల డిఫరెన్షియల్ స్టేజ్ మీరే కడితే గెయిన్ 10 రెట్ల దగ్గర లెక్క ఇది: 5 శాతం రెసిస్టర్లతో, అన్నీ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తేడా పడితే, హమ్ సిగ్నల్ కన్నా 55 రెట్లు తక్కువగా పెరుగుతుంది. 1 శాతం మెటల్ ఫిలింతో అది 275 రెట్లకు చేరుతుంది. ఖర్చులో తేడా స్వల్పం. ఇంకా మంచిది కావాలంటే ఒకే స్ట్రిప్‌లోంచి తీసి మీటర్‌తో కొలిచి జతలు కట్టండి.

మొబైల్ లాంటి ఒకే లైన్ సోర్స్ ఇస్తే రెండో ఇన్‌పుట్‌ని గాలికి వదలొద్దు. అంతే విలువ కెపాసిటర్ ద్వారా సోర్స్ దగ్గరి గ్రౌండ్‌కి కలపండి.

సప్లై, కాయిల్

ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ లైన్ 14.4 వోల్టులకు ఎక్కుతుంది. 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్‌కి మిగిలే వెసులుబాటు చాలా తక్కువ, 25 వోల్టులది తీసుకోండి. 1,000 మైక్రోఫారడ్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి ఐసీ పిన్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. వైరు చివర పెట్టినదానితో లాభం లేదు.

మన దగ్గర ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, డబ్బా లోపల ఇంకా ఎక్కువ. ఎలక్ట్రోలైటిక్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీలకు దాదాపు సగమవుతుంది. అందుకే 85 డిగ్రీల రకం వదిలి 105 డిగ్రీలది అడగండి. సిరామిక్‌లో ఎక్స్7ఆర్ తీసుకోండి. వై5వీ రకం వేడికి తన విలువలో చాలా భాగం పోగొట్టుకుంటుంది.

ఔట్‌పుట్ కాయిల్‌కి కరెంట్ లెక్క చూడండి. 14.4 వోల్టులను 4 ఓంలతో భాగిస్తే 3.6 ఆంపియర్లు. 5 ఆంపియర్ల సాచురేషన్ కాయిల్ పెట్టండి. సైజు చూసి చిన్నది కొంటే గట్టి సౌండ్‌లోనే సమస్య బయటపడుతుంది, అదీ ఊరేగింపు మధ్యలో.

డెలివరీకి ముందు

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి సామాను తెచ్చినా, కర్నూలులో కొన్నా, ప్రతి లాట్‌లో కొన్ని కొలిచి చూడండి. తర్వాత ఇంజిన్ నడుపుతూ, పొడవైన మైక్ వైరుతో, ఎండలో గంటసేపు సెట్ నడపండి. బెంచ్ మీద బాగా పలికే సెట్ అక్కడ హమ్ ఇవ్వొచ్చు. గెయిన్, కెపాసిటర్ విలువలు, తేదీ ఒక చీటీ మీద రాసి డబ్బా లోపల అంటించండి. ఏడాది తర్వాత రిపేరుకొస్తే మీరైనా, మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాడైనా మళ్ళీ మొదటి నుంచి లెక్క వేయాల్సిన అవసరం ఉండదు.