డిజిటల్ వీడియోలో జూమ్ – ఒక పరిశీలన

దూరాన ఉన్న దృశ్యాన్ని క్రమక్రమంగా దగ్గరకు తెచ్చి చూపడాన్నీ, దగ్గరిదానిని దూరం చేసి చూపడాన్నీ జూమ్ అంటారు. ఇది రెండు విధాలు. కెమెరా కటకాలు కదలడం వలన కలిగేది మొదటిది. చిత్రీకరణ ముగిసిన తరువాత ఎడిటింగులో కంప్యూటరు చేత చేయించేది రెండవది. లఘుచిత్రాలు నిర్మించే విద్యార్థులకు రెండవదానితోనే ఎక్కువ పని. కనుక దాని స్వరూపాన్ని పరిశీలిద్దాం.

కటకం కదిలినప్పుడు కొత్త వివరాలు కెమెరాలోనికి వస్తాయి. ఎడిటింగు జూములో కొత్తగా వచ్చేది ఏమీ లేదు. ఉన్న బొమ్మలో ఒక భాగాన్ని కత్తిరించి, తెర నిండేటట్లు సాగదీయడమే అందులోని పని. తెర వెడల్పు 1920 పిక్సెళ్లు అనుకొందాం. పాలకుర్తి సోమేశ్వరస్వామి గుట్ట ఫోటో 3840 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, రెండింతల జూమ్ వరకు స్పష్టత చెడదు. ఫోటో కూడా 1920 పిక్సెళ్లే అయితే, 960 పిక్సెళ్లను తెరంతటా పరచవలసి వస్తుంది. గుడి దగ్గరకు వస్తుంది గాని మసకబారుతుంది.

ఫిల్టరు పనిచేసే తీరు

ఫాబ్రిస్ బెల్లార్ 2000లో ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉచితంగా లభించే సాధనం. అందులోని జూమ్‌పాన్ ఫిల్టరుకు మూడు సంగతులు చెప్పాలి: ఎంత పెంచాలి, ఎటువైపు సాగాలి, ఎన్ని ఫ్రేములు నడవాలి. జూమ్ విలువ 1 నుండి 10 వరకు ఉండవచ్చు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 8 సెకన్లకు 200 ఫ్రేములు. 1 నుండి 1.5కు చేరాలంటే ఫ్రేముకు 0.0025 కలపాలి. స్థానం చెప్పకపోతే చూపు ఎడమవైపు పైమూలకు పోతుంది. నడిమికి పోవాలంటే వెడల్పులో సగం నుండి, ఆ సగాన్ని జూమ్ విలువతో భాగించగా వచ్చినదానిని తీసివేయాలి. ఎత్తుకూ ఇదే లెక్క.

మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి: ఈ ఫిల్టరు ఏమీ చెప్పనిచో ఒక్కొక్క ఫ్రేమును 90 ఫ్రేములుగా సాగదీస్తుంది. ఫోటోకు అది మేలే. కదిలే వీడియోకు మాత్రం ఆ సంఖ్యను 1గా మార్చాలి. రెండు: కత్తిరించే స్థానం పూర్తి పిక్సెళ్లలోనే జరుగుతుంది గనుక మెల్లని జూములో బొమ్మ వణుకుతుంది. ముందుగా ఫోటోను నాలుగైదింతలు పెద్దది చేసుకొంటే వణుకు తగ్గుతుంది. మూడు: 1 నుండి 2 వరకు బారువడ్డీ వలె సమానంగా కూడుతూ పోతే, జూమ్ మొదట వేగంగా, చివరకు మందంగా తోస్తుంది. చక్రవడ్డీ వలె ప్రతి ఫ్రేముకూ సుమారు 1.0035తో గుణిస్తే నడక సమంగా ఉంటుంది.

చూపులోని బాధ్యత

నిశ్చల ఛాయాచిత్రాలపై ఈ విధంగా కెమెరాను నడపి, కెనడాలో కోలిన్ లో, వుల్ఫ్ కోనిగ్‌లు 1957లో ‘సిటీ ఆఫ్ గోల్డ్’ నిర్మించారు. అమెరికాలో కెన్ బర్న్స్ 1990లో ‘ది సివిల్ వార్’ ధారావాహికతో ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చారు. పాత ఫోటోలతో చరిత్ర చెప్పదలచినవారికి ఇది అనువైన మార్గం.

మన పాలకుర్తి చరిత్రలో చాకలి ఐలమ్మ పోరాటం ఉంది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ఆమె తన పంటను దక్కించుకొన్నది. సంఘం కార్యకర్తలు ఆమెకు అండగా నిలిచారు. ఆ కాలపు సమూహ ఛాయాచిత్రం ఒకటి విద్యార్థికి దొరికిందనుకొందాం. అందులో ఒక్క ముఖంపైకే జూమ్ చేసి ఆపితే, పక్కన నిలిచినవారు తెరపై నుండి తొలగిపోతారు. ఉమ్మడి పోరాటం ఒంటరి పోరాటంగా కనబడుతుంది. ముఖం నుండి మొదలుపెట్టి వెనుకకు జరిగితే సంఘమంతా కనబడుతుంది. ఫోటో ఒకటే, చెప్పిన చరిత్ర వేరు.

నేడు కృత్రిమ మేధ సాధనాలు మసక ముఖానికి కనురెప్పలను, ముడతలను కూడా అమర్చి ఇస్తున్నవి. అవి ఫోటోలో ఉన్నవి కావు, ఊహించి అతికినవి. చరిత్ర చిత్రంలో వాటిని వాడరాదు. వాడితే ఆ సంగతి తెరపై తెలపాలి. వివరం కావలసివస్తే అసలు ఫోటోను పెద్ద ప్రమాణంలో మరల స్కాన్ చేయించడమే సరియైన మార్గం.

తెలుగులో చూపు అన్నా, ఉర్దూలో నజర్ అన్నా, అది ఎక్కడ నిలవాలో ఫిల్టరు నిర్ణయించదు. మొదటి ఫ్రేములో ఏమి ఉండాలి, చివరి ఫ్రేములో ఏమి మిగలాలి అనే రెండు ప్రశ్నలకు సమాధానం కాగితంపై వ్రాసుకొన్న తరువాతనే విద్యార్థులు కంప్యూటరు ముందు కూర్చొనడం శ్రేయస్కరం.