రాకెట్టు రెక్కలు

విలుకాడు బాణమును తయారుచేయునపుడు దాని వెనుక కొనకు ఈకలు కట్టును. ఈకలు లేని బాణము గాలిలో పల్టీలు కొట్టి దారి తప్పును. ఈకలు గల బాణము కొంచెము ప్రక్కకు ఒరిగినను, గాలి ఆ ఈకలను త్రోసి దానిని మరల సరియైన దారిలో నిలుపును. రాకెట్టు తోకకు అమర్చు రెక్కలు చేయు పనియు ఇదియే.

అమెరికా దేశమున రాకెట్లు ఎగురవేయుట పలువురకు ఒక వినోదము. 1954 లో నెబ్రాస్కా రాష్ట్రమందలి నార్ఫోక్ పట్టణములో చెప్పుల దుకాణము నడుపుచుండిన ఆర్విల్ కార్లైల్ ఒక చిన్న రాకెట్టును నిర్మించెను. 1957 లో ఇట్టి ఔత్సాహికులకు ఒక జాతీయ సంఘము ఏర్పడెను. క్రమముగా మనిషి ఎత్తునకు మించిన రాకెట్లను కూడ వారు నిర్మింపసాగిరి. వానిలో కొన్ని ధ్వనికంటె వేగముగా పోవును.

అట్టి పెద్ద రాకెట్ల మోటార్లు 18 సంవత్సరములు నిండి, యోగ్యతా పరీక్షలో నెగ్గినవారికే అమ్మబడును. అభ్యర్థి తాను స్వయముగా నిర్మించిన రాకెట్టును పెద్దల యెదుట ఎగురవేసి, పారాషూటు సాయముతో చెక్కుచెదరకుండ నేలకు దింపవలెను. ఒక్క రెక్క ఊడినను పరీక్ష పోయినట్లే.

చిన్న రాకెట్టునకు పలుచని చెక్క రెక్కలను గొట్టముపై జిగురుతో అంటించిన చాలును. పెద్దదానికి అది చాలదు. వేగము రెండింతలైనచో గాలి ఒత్తిడి నాలుగింతలగును; మూడింతలైనచో తొమ్మిదింతలగును. పలుచని రెక్క ఆ గాలిలో జెండావలె అల్లలాడి క్షణములో విరిగిపోవును. రెక్క పోయిన రాకెట్టు ఎటు తిరుగునో ఎవరును చెప్పలేరు. అది చూపరుల మీదికే రావచ్చును.

కావున పెద్ద రాకెట్ల రెక్కలను దళసరి ప్లైవుడ్డుతో గాని, ఫైబర్‌గ్లాసుతో గాని చేయుదురు. అమర్చు విధము కూడ వేరు. రాకెట్టులో రెండు గొట్టములుండును. వెలుపలిది దాని శరీరము; లోపలిది మోటారును పట్టియుంచునది. ఈ రెంటి నడుమ ప్లైవుడ్డు వలయములు బిగించియుండును. వెలుపలి గొట్టమునకు సన్నని చీలికలు కోసి, రెక్క మొదలును వానిలో దూర్చి, లోపలి గొట్టమునకు ఆనించి నిలుపుదురు. వడ్రంగి తలుపు చట్రమును బిగించునపుడు ఒక కొయ్య కొనను మరియొకదాని బెజ్జములో దూర్చుట చూచినవారికి ఈ యుక్తి సులభముగా బోధపడును.

తరువాత ఎపాక్సీ జిగురును మూడు చోట్ల పూయుదురు: రెక్క లోపలి గొట్టమును తాకు చోట, చీలికకు లోపలివైపున, చీలికకు బయటివైపున. నునుపైన తలమున జిగురు గట్టిగా పట్టదు గనుక ముందుగా గరుకు కాగితముతో రుద్దుదురు. బయటి మూలలోని జిగురును గుండ్రని పుల్లతో లాగి వంపుగా తీర్చుదురు. ఆ వంపు రెక్కపై పడు బలమును ఒకే గీతపై నిలువనీయక విశాలముగా పంచును.

ఎగురుటయే కాదు, దిగుటయు రెక్కలకు పరీక్షయే. పారాషూటుకు వ్రేలాడు రాకెట్టు తరచుగా తోకతో నేలను తాకును. తోకను మించి వెనుకకు సాగిన రెక్కలుండెనేని, మొదటి దెబ్బ వానికే తగులును.

ఎగురవేయు మైదానములో రక్షణాధికారి ప్రతి రాకెట్టును పరిశీలించును. ఒక్కొక్క రెక్కను పట్టి కదలించి చూచును. కదలినచో అనుమతి లేదు. అయినను గొట్టము లోపలి జిగురు ఆయన కంటికి కానరాదు. దానిని ఓపికతో పూసెనో, తొందరపడి పూసెనో నిర్మించినవానికి మాత్రమే తెలియును. రాకెట్టు మంటలు చిమ్ముచు పైకి లేచునపుడు చూపరులందరు దాని మొనవైపు చూతురు. నిర్మించినవాని మనస్సు మాత్రము ఎవరికిని కనబడని ఆ రెక్కల మొదళ్లయందే ఉండును.