డబ్బా వెనక వైపు చదువు



మొన్న ఫోన్‌లో "మామా, బండికి ఏ ఆయిల్ పోయించాల?" అని అడిగావు. ఒక కంపెనీ పేరు చెప్పేసి ఉంటే ఆ పూటకి నీ పని అయిపోయేది. కానీ రేపు ఆ పేరు దొరకని ఊళ్లో షాపువాడు "అదీ ఇదీ ఒకటే అన్నా" అని ఇంకో డబ్బా చేతిలో పెడితే, ఒకటో కాదో తేల్చుకునే దారి నీకుండదు. అందుకని రాస్తున్నా. చదివి బండి కాగితాలతో పాటు పెట్టుకో.

మీ నాయన పాత పికప్‌కి పనికొచ్చిన సలహాలు చాలావరకు నీ బండికి పనికిరావు. నువ్వు కొన్నది సెకండ్ హ్యాండే అయినా బీఎస్6 డీజిల్ బండి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బండ్ల పొగకి ఆ లెక్క వచ్చింది. దాంతోపాటు డీజిల్ కూడా మారింది. బీఎస్4 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 దాకా ఉండొచ్చు, బీఎస్6లో 10 దాటకూడదు. ఇక పొగ బయటికి పోయే దారిలో డీపీఎఫ్ అనే వడపోత చేరింది. మసిని బయటికి పోనీకుండా పట్టి ఉంచడం దాని పని. అది ఖరీదైన సామాను. ఆయిల్ ఎంచుకునేటప్పుడు ఇంజన్ గురించి ఎంత ఆలోచిస్తావో, దీని గురించి అంతకంటే ఎక్కువ ఆలోచించాలి.

ఎందుకో చెప్తా. ఇంజన్‌లో ఆయిల్ ఎంతోకొంత కాలుతుంది. కొత్త ఇంజన్‌లోనూ రింగుల పక్క నుంచి కాస్త పైకి పోతుంది. ఆయిల్‌లో అరుగుదల తగ్గించడానికి జింకు, లోపల శుభ్రం చేయడానికీ ఆమ్లాన్ని విరవడానికీ కాల్షియం, మెగ్నీషియం లాంటి లోహాల మందులు కలుపుతారు. ఆయిల్ కాలినప్పుడు ఈ లోహాలు బూడిదై పోయి డీపీఎఫ్‌లో కూర్చుంటాయి. అమ్మ పొయ్యిలో కట్టె ఎంత బాగా మండినా బూడిద మిగిలినట్టే ఇదీ. మసిని బండి తనంతట తానే కాల్చేసుకుంటుంది, బూడిదను కాల్చలేదు. అది చేరేకొద్దీ దారి మూసుకుపోయి, బండి లాగదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అందుకే నీ బండికి బూడిద తక్కువ వదిలే ఆయిల్ కావాలి. పాత రోజుల్లో డీజిల్‌లో గంధకం ఎక్కువ, దానివల్ల పుట్టే ఆమ్లమూ ఎక్కువ, కాబట్టి ఆ మందులు దండిగా ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు అంత అవసరం లేదు.

ఇక డబ్బా సంగతి. ముందు వైపు బొమ్మలూ 'సూపర్', 'టర్బో' లాంటి మాటలూ వదిలెయ్. వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో రెండు మూడు వరుసలుంటాయి. మొదటిది చిక్కదనం, 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 అని. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, వెనకున్నది ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా నిలుస్తుందో. 15డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 20 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. మన పలమనేరు చలిని మనం ఎంత గొప్పగా చెప్పుకున్నా ఆ దరిదాపులకు పోదు కాబట్టి స్టార్ట్ అవుతుందా లేదా అన్న బెంగ నీకక్కర్లేదు. అయినా మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని రాసుంటే అదే పోయించు. సన్నని ఆయిల్ స్టార్ట్ చేసిన వెంటనే టర్బో దాకా తొందరగా చేరుతుంది. ఇంజన్ ఎక్కువ అరిగేది ఆ మొదటి క్షణాల్లోనే.

రెండో వరుస ఏపీఐ. 'ఎస్'తో మొదలైతే పెట్రోల్ బండ్లకి, 'సీ'తో మొదలైతే డీజిల్‌కి. నీకు సీతోనే పని. సీహెచ్-4, సీఐ-4 అన్నవి పాత తరానివి, బూడిదకి వాటిలో కట్టుబాటు లేదు. డీపీఎఫ్ బండ్ల కోసం 2006లో సీజే-4 వచ్చింది, దాని తర్వాత 2016 చివర్లో సీకే-4. ఈ రెంటిలోనూ బూడిద నూటికి ఒక పాలు మించకూడదు. కొన్ని బండ్ల మాన్యువల్‌లో ఏపీఐ బదులు ఏసీఈఏ సీ2, సీ3 అని ఉంటుంది. అది యూరప్ లెక్క, అందులో బూడిద ఇంకా తక్కువ, 0.8 దాటదు. మాన్యువల్ సీ3 అడిగితే సీకే-4 సరిపోతుందనుకోవద్దు, సీ3 అని స్పష్టంగా రాసున్న డబ్బానే తెచ్చుకో. కొన్ని బండ్ల కంపెనీలకి ఆయిల్‌కి సొంత నంబరు కూడా ఉంటుంది. అది డబ్బా మీద కనిపిస్తే మరీ మంచిది. సర్వోనా, మాకా, క్యాస్ట్రాలా అన్నది చివర్లో వచ్చే ప్రశ్న. ఈ వరుసలు కలిస్తే ఏది చవకగా దొరికితే అది కొను.

నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మండీ దగ్గర లోడు కోసం బండ్లు ఆగినప్పుడు ప్రతి డ్రైవరూ మెకానిక్కే కదా. "లోడు బండికి చిక్కటి ఆయిల్ పోయి, 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజన్ గట్టిగా ఉంటుంది" అంటారు. బోరు అరిగి ఆయిల్ తాగే పాత బండికి చిక్కటిది పోస్తే కొన్నాళ్లు ఆ తాగడం కనపడదు, రిపేరు వాయిదా పడుతుంది, అంతే. నీ బండి ఇప్పుడే ఆయిల్ తాగుతుంటే ముందు మెకానిక్‌కి చూపించు. ఇంకొకాయన ట్రాక్టర్ కోసం కొన్న డబ్బాలో సగం మిగిలింది, పోసుకో అంటాడు. మంచి మనసుతోనే అంటాడు, వద్దని చెప్పు. పైన కలిపే సీసా మందులు కూడా వద్దు. వాటిలో లోహాలు ఉంటే బూడిదే పెరుగుతుంది.

ఇప్పుడు నీ రూటు గురించి. పలమనేరు నుంచి టమోటా ఎత్తుకుని మొగిలి ఘాటు దిగి, చిత్తూరు మీదుగా మద్రాసు పోతావు. హైవే మీద బండి నిలకడగా పరుగెత్తినప్పుడు డీపీఎఫ్ వేడెక్కుతుంది. లోపల మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం బండి తనే కొంచెం డీజిల్ ఎక్కువ చిమ్ముకుంటుంది. కోయంబేడు దగ్గర ట్రాఫిక్‌లో జానెడు జానెడు కదులుతూ, ఆగుతూ ఉంటే ఆ పని పూర్తి కాదు. మధ్యలో ఇంజన్ ఆపేశావనుకో, కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా జారి చాంబర్‌లోని ఆయిల్‌లో కలుస్తుంది. మళ్లీ మళ్లీ ఇలా జరిగితే ఆయిల్ నీళ్లలా పల్చబడుతుంది.

అప్పుడు గేజి రాడ్ మీద ఆయిల్ మట్టం తగ్గదు, పెరుగుతుంది. చాలామంది చూసి "బండి ఆయిలే తాగడంలేదు, భలే బండి" అని మురిసిపోతారు. మట్టం పై గీత దాటి, రాడ్‌కి డీజిల్ వాసన కొడితే ఆయిల్ మార్చే రోజొచ్చినట్టే, కిలోమీటర్లు ఎన్నయినా సరే. డీపీఎఫ్ లైటు వెలిగితే భయపడి ఇంజన్ ఆపకు. మాన్యువల్‌లో చెప్పినట్టు రోడ్డు మీద కొంతసేపు నిలకడ వేగంతో తోలు. తిరుగు ప్రయాణంలో రాణిపేట వైపు ఖాళీ రోడ్డు దొరుకుతుంది, దానికి సరిపోతుంది. ఇంకో మాట, ఖాళీ బాక్సులతోనైనా ఘాటు ఎక్కి పైకి రాగానే టక్కున ఇంజన్ ఆపకు. ఒకటి రెండు నిమిషాలు నిదానంగా నడవనీ, టర్బోకి ఆయిల్ అందుతుంటే చల్లబడుతుంది.

గేజి చూసేది బండి సమంగా నిలబెట్టి, ఆపిన పది నిమిషాలకి. ఆయిల్ నల్లగా ఉందని బెంబేలు పడకు, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే మాత్రం లోపలికి నీళ్లు వస్తున్నాయి, ఆ ఇంజన్‌ని మళ్లీ స్టార్ట్ చేయవద్దు.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలంటే, మాన్యువల్‌లో మామూలు వాడకానికి ఒక లెక్క, లోడు, దుమ్ము, ట్రాఫిక్ ఉన్న వాడకానికి ఒక లెక్క ఉంటాయి. నీకు వర్తించేది రెండోదే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే డ్రైన్ బోల్ట్ తీయించు, ఫిల్టర్ కూడా ప్రతిసారీ కొత్తది వేయించు. షాపులో పెద్ద డ్రమ్ములోంచి లూజుగా పోసే ఆయిల్ ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు. సీల్ నీ ముందే తీయించు, అయిపోయాక ఖాళీ డబ్బాకి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చిల్లు పెట్టి మరీ పారేయించు. నకిలీ వాళ్లకి కావాల్సింది ఆ డబ్బాలే.

దింపిన పాత ఆయిల్‌ని కాలవలో పోయనివ్వద్దు, కంచె గుంజలకి చెదలు పట్టకుండా పూస్తామని ఇంటికీ తెచ్చుకోకు. దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తారు. పెద్ద వర్క్‌షాపులు పోగుచేసి రీసైక్లింగ్‌కి పంపుతాయి, అక్కడ మార్పిస్తే ఆ తలనొప్పి నీకుండదు.

బండితో వచ్చిన మాన్యువల్ అమ్మినాయన దగ్గరే ఉండిపోయిందన్నావు కదా. ఆయన్ని అడుగు, లేదంటే కంపెనీ షోరూములో చాసిస్ నంబరు చెప్తే ఏ ఆయిల్, ఎన్ని లీటర్లు అన్నది వాళ్లే చూసి చెప్తారు. కాగితం మీద రాయించుకుని దాని ఫోటో నాకు వాట్సాప్‌లో పంపు. నేనూ ఒకసారి చూసి, డబ్బా నువ్వు కొనే ముందే చెప్తాను.

ఇట్లు,
మీ మామ