జాబులు మార్చే ముందు

చి. అమ్మడికి,

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో మీ ఫ్యాక్టరీ వాళ్ళు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి 2022కి మారుతున్నారనీ, రాత్రిపూట వాటంతటవే నడిచే జాబులన్నీ కొత్త సర్వర్‌లోకి తెచ్చే పని నీకే అప్పజెప్పారనీ అమ్మ చెప్పింది. 2016కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2026 జూలై 14 వరకే. మారడం మంచిదే.

డేటాబేసు బ్యాకప్ తీసి రీస్టోర్ చేసినంత మాత్రాన జాబులు రావు. అవి ఎంఎస్‌డీబీ అనే సిస్టం డేటాబేసులో ఉంటాయి. ఆ ఎంఎస్‌డీబీనే ఎత్తి కొత్త వెర్షన్ మీద రీస్టోర్ చేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకు, అది కుదరదు. మేనేజ్‌మెంట్ స్టూడియోలో జాబ్స్ ఫోల్డర్ మీద ఎఫ్7 నొక్కి, అన్నీ కలిపి సెలెక్ట్ చేసి స్క్రిప్టు తీసుకో.

స్క్రిప్టు నడిపే ముందు ప్రతి జాబులోనూ ఎనేబుల్డ్ దగ్గర 1 తీసి 0 పెట్టు. లేకపోతే పాత సర్వరూ కొత్త సర్వరూ ఒకే రాత్రి ఒకే జాబు నడిపేస్తాయి, సప్లయర్‌కి ఒకే ఆర్డరు రెండుసార్లు వెళ్తుంది. డిసేబుల్ చేసినా షెడ్యూలు మాత్రమే ఆగుతుంది, చేత్తో నడిపి చూసుకోవచ్చు. నడిపే ముందు లోపలి స్టెప్పులు చదువు, నిజంగానే మెయిళ్ళు పంపేసేవి ఉంటాయి.

జాబు ఓనరు ఎప్పుడో మానేసి వెళ్ళినవాళ్ళ లాగిన్ కావచ్చు. కొత్త సర్వర్‌లో ఆ లాగిన్ లేకపోతే స్క్రిప్టు అక్కడే ఎర్రర్ ఇస్తుంది. మెయిలు అందుకునే ఆపరేటరు లేకపోయినా అంతే. వీటికి నేను భయపడను, మొహం మీదే చెప్పేస్తాయి. నా భయమంతా జాబు తయారయ్యేటప్పుడు నోరెత్తకుండా, నడిచేటప్పుడు పడిపోయే వాటి గురించే. లింక్డ్ సర్వర్, కొత్త మెషీన్‌లో లేని డి డ్రైవ్ ఫోల్డర్, క్రెడెన్షియల్ పాస్‌వర్డు. పాస్‌వర్డు ఏ స్క్రిప్టులోనూ రాదు. అది తెలిసిన మనిషిని ఇప్పుడే పట్టుకో.

ఇంకొకటి జాగ్రత్తగా చూడు. స్టెప్పు విఫలమైతే ఏం చెయ్యాలన్న చోట, సక్సెస్ అని చెప్పి జాబు ముగించమనే ఆప్షన్ ఉంది. తొందరలో దాన్ని పెట్టేసినవాళ్ళు చాలామంది. అప్పుడు స్టాక్ ఫైలు రాకపోయినా జాబు సక్సెస్ అనే కనిపిస్తుంది, పొద్దున్నే స్టోర్స్‌లో కూర్చున్నవాళ్ళు నిన్నటి లెక్క చూసి సరుకు పంపేస్తారు. అందుకే హిస్టరీలో ప్రతి జాబు పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, ఒక్కో స్టెప్పూ చూడు.

ఆ హిస్టరీ కూడా మార్చకుండా వదిలేస్తే మొత్తం 1000 వరసలు, జాబుకి 100 మాత్రమే దాస్తుంది. అయిదు నిమిషాలకోసారి నడిచే జాబులుంటే నెలాఖరు జాబు ఆనవాలే మిగలదు. ఆ పరిమితి ముందే పెంచు.

నెలాఖరు జాబు కొత్త సర్వర్‌లో ఒక్కసారైనా సరిగ్గా నడిచేదాకా పాత సర్వర్‌ని తీసెయ్యొద్దని మీ మేనేజరుకి మెయిలు పెట్టు. నోటిమాట చాలదు. మారే రాత్రి నేను మేలుకునే ఉంటాను. ఎన్నింటికైనా ఫోన్ చెయ్యి.

మీ మావయ్య