షెల్ అంటే ఏంటి? మీ ఫోన్‌లోనే నాలుగు రకాలు ఉన్నాయి!

ఈమధ్య మా తమ్ముడి ఫోన్ లాక్ తీస్తే హోమ్ స్క్రీన్ బదులు "లాంచర్ ఆగిపోయింది" అనే మెసేజే మళ్లీ మళ్లీ వచ్చేది. షాపులో ఫార్మాట్ చేయాలన్నారు. రెండేళ్ల ఫొటోలు, బ్యాకప్ లేదు. "ఏడీబీ షెల్‌తో బాగు చేయొచ్చు" అని నేనంటే, వాడు "బ్యాక్ కవర్ ఊడదీయాలా అన్నయ్యా?" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఆ మాటే అలాంటిది.

మనకి తాబేలుకి డిప్ప, కొబ్బరికి చిప్ప, గుడ్డుకి పెంకు. ఇంగ్లీషులో అన్నింటికీ షెల్ ఒక్కటే. గ్యాడ్జెట్లలోనూ అంతే.

1. బాడీ షెల్
ఫోన్ బయటి భాగం. "హార్డ్ షెల్ కేస్" అన్నప్పుడు అర్థం ఇదే. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేదు.

2. కమాండ్ షెల్
కెర్నల్ అంటే గింజ లోపలి పప్పు. ఆండ్రాయిడ్‌లో ఆ పప్పు లైనక్స్. దాని చుట్టూ ఉండే పెంకే షెల్. మనం టైప్ చేసిన కమాండ్‌ని చదివి, కెర్నల్ సాయంతో ఆ పని చేయిస్తుంది. ఈ అర్థంలో షెల్ అనే పేరు పెట్టింది లూయీ పూజాఁ, 1960లలో మల్టిక్స్ సిస్టమ్ కోసం. 1979లో యూనిక్స్‌తో బోర్న్ షెల్, 1989లో బాష్ వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో ఉండేది ఎంకేఎస్‌హెచ్ అనే చిన్న షెల్.

3. గ్రాఫికల్ షెల్
టైప్ చేయకుండా ఐకాన్లు నొక్కి పని చేయించుకునే పెంకు. విండోస్‌లో ఎక్స్‌ప్లోరర్, ఫోన్‌లో లాంచర్ ఆ పని చేస్తాయి.

4. షెల్ యూజర్
ఏడీబీతో కనెక్ట్ అయితే మీరు "షెల్" అనే యూజర్‌గా లోపలికి వెళ్తారు. నంబర్ 2000. మామూలు యాప్ కంటే ఎక్కువ అనుమతులు, రూట్ కంటే తక్కువ. ప్రాంప్ట్ చివర డాలర్ గుర్తుంటే షెల్ యూజర్, హ్యాష్ గుర్తుంటే రూట్. హ్యాష్ కనిపిస్తే జాగ్రత్త, ఒక్క తప్పు కమాండ్‌తో సిస్టమ్ ఫైల్సే పోవచ్చు.

ఇప్పుడు తమ్ముడి ఫోన్ సంగతి. పాడైంది మూడోది, అంటే లాంచర్ మాత్రమే. పప్పు బాగానే ఉంది, ఫొటోలూ భద్రం. యూఎస్‌బీ డీబగ్గింగ్ ముందే ఆన్‌లో ఉంది, నా ల్యాప్‌టాప్‌కి అనుమతి కూడా ఇచ్చి ఉంది. అందుకే రెండో షెల్‌లోకి వెళ్లి, లాంచర్ డేటా మాత్రం క్లియర్ చేశా. ఫోన్ లేచింది! ఐకాన్లు మళ్లీ సర్దుకోవాల్సి వచ్చింది, అంతే.

కాబట్టి ఏ ట్యుటోరియల్‌లో "షెల్" కనిపించినా, ముందు అది ఏ షెల్లో చూసుకోండి. ఫార్మాట్‌కి ఒప్పుకునే ముందు, పోయింది పెంకా, పప్పా అని కనుక్కోండి. అన్నిటికంటే ముందు, ఈరోజే బ్యాకప్ తీసుకోండి!