సవ్వడి ఎక్కడిది?

పిల్లలూ! చెవి పెట్టి వినడం కూడా ఒక విద్యే. పూర్వం మన అవ్వలు సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూచేవారు. ఖంగుమంటే మంచి కుండ. బొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్లు. వైద్యుడు గుండె చప్పుడు విని జబ్బును పోల్చుకుంటాడు. అలాగే యంత్రం చప్పుడు విని దాని బాధ తెలుసుకొనేవారు ఉన్నారు. అటువంటి ఒక తాతయ్య సంగతి ఈ పాఠంలో చదువుకొందాం.

సిడ్నీ నగరంలో పరమట్టా పక్కన హారిస్ పార్క్ అనే పేట ఉంది. అక్కడి విగ్రం వీధిలో నడిస్తే దోసెల వాసన ముక్కుకు తగులుతుంది. మన దేశపు భాషలు చెవిన పడతాయి. రైలు స్టేషనుకు దగ్గరలో మా తరగతి అమ్మాయి ఒకతె ఉంటున్నది. ఇల్లు పట్టాలకు సమీపం కనుక రైలు పోయినప్పుడు వంటింటి అరలోని స్టీలు గ్లాసులు గలగలమంటాయి. అన్ని రైళ్ళకూ కాదు, ఏ కొన్నింటికో మాత్రమే. ఎందుకో ఆ అమ్మాయికి తెలియదు.

వాళ్ళ తాతయ్య విజయవాడ బస్సు డిపోలో ముప్ఫయి ఏళ్ళు మెకానిక్‌గా పనిచేశాడు. కొడుకుల దగ్గర ఉండడానికి వచ్చి ఆరు నెలలైంది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఉదయం నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కిటికీ. ఆయనను పని అడిగేవారు లేరు.

అమ్మాయి బాబాయికి ఒక పాత కారు ఉంది. దాని పేరు ఎం.జి.బి. ఇద్దరు కూర్చొనే స్పోర్ట్స్ కారు. ఈ రకం కార్లను ఇంగ్లండులో 1962 నుండి 1980 వరకు తయారు చేశారు. 1963 నుండి 1972 వరకు విడిభాగాలను ఓడలలో తెప్పించి, సిడ్నీలోనే ఎన్‌ఫీల్డ్ అనే చోట కూర్చేవారు. బాబాయి కారు 1971 నాటిది. అంటే వయస్సులో బాబాయి కంటె పెద్దది! నాలుగు సిలిండర్ల ఇంజిన్, 1798 సి.సి. బాబాయి రెండేళ్ళు ప్రతి ఆదివారం కష్టపడి దానిని బాగు చేసుకొన్నాడు.

ఒకనాడు ఆ కారులో వింత చప్పుడు మొదలైంది. షెడ్డుకు తీసుకుపోతే, అక్కడివారు ఒక నిమిషం విని, "లోపలి బేరింగులు అరిగిపోయాయి. ఇంజిన్ మొత్తం విప్పాలి" అని అంచనా కాగితం రాసి ఇచ్చారు. ఆ మొత్తం బాబాయి నాలుగు నెలల ఇంటి అద్దెకు సమానం. "ఇక ముక్కలుగా అమ్మేయడమే" అని బాబాయి దిగులుపడ్డాడు.

అమ్మాయి తాతయ్య దగ్గరకు పరుగెత్తింది. "తాతయ్యా! బాబాయి కారు నాయిస్ చేస్తోంది" అన్నది.

"ఏ నాయిస్ తల్లీ? గలగలా? టకటకా? ధబధబా?"

అమ్మాయి తెల్లబోయింది. ఆమె దృష్టిలో అన్నీ నాయిసే. తాతయ్య నవ్వి, గ్లాసులో చెంచా ఆడించాడు. "ఇది గలగల." బల్లమీద గోటితో కొట్టాడు. "ఇది టకటక." తలుపును పిడికిలితో గుద్దాడు. "ఇది ధబధబ. పేరు తెలిస్తే సగం జాడ తెలిసినట్లే. వెళ్ళి విని రా. ఏది వినిపించిందో, ఎప్పుడు వినిపించిందో పుస్తకంలో రాయి."

అమ్మాయి బాబాయితో కలిసి కారెక్కి తిరిగి వచ్చింది. ఆమె ఇలా రాసింది:

కారు ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు చప్పుడు లేదు. నిమిషానికి 2500 చుట్లు తిరిగినప్పుడు గలగల. 3000 దాటితే లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకటే. గేరు వేయకుండా, నిలిచిన చోటనే ఆక్సిలరేటర్ తొక్కినా గలగల.

తాతయ్య ఆ కాగితం రెండుసార్లు చదివించుకొన్నాడు. చెప్పులు వేసుకొని కిందికి దిగాడు.

అప్పటికే బాబాయి ఇంజిన్ పైమూత విప్పి ఉన్నాడు. "నాన్నా! ట్యాపెట్లే అయి ఉంటాయి" అన్నాడు. ట్యాపెట్ల సందు ఈ ఇంజిన్‌లో అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, అంటే 0.38 మిల్లీమీటరు ఉండాలి. ఫీలర్ గేజితో చూస్తే ఒకటి వదులుగా ఉంది. బాబాయి సంతోషంతో సరిచేశాడు. ఇంజిన్ వేశాడు. 2500 చుట్లు. మళ్ళీ గలగల!

బాబాయి ముఖం వాడిపోయింది. తాతయ్య మాత్రం తొణకలేదు. "ఒరేయ్ అబ్బాయ్! ఊహించి విప్పకు. ఒక్కొక్క అనుమానాన్నే పిలిచి సాక్ష్యం అడుగు. ట్యాపెట్ అయితే టకటకమంటుంది, ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా పలుకుతుంది. ఇది అలా పలకలేదుగా?" అన్నాడు.

తరువాత తాతయ్య వరుసగా విచారణ చేశాడు.

మొదటి అనుమానం బేరింగులు. అవి అరిగితే లోతుగా ధబధబమని గుద్దినట్లుంటుంది. వేడెక్కాక ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. కారు బాగా వేడెక్కి పరుగెత్తేటప్పుడు ముల్లు 60 చూపింది. ఈ ఇంజిన్‌కు చదరపు అంగుళానికి కనీసం 50 పౌండ్లు ఉండాలి. కనుక ఒత్తిడి బాగానే ఉంది. అయినా తాతయ్య అంతటితో వదలలేదు. ఇంజిన్ ఆపి ఒక స్పార్క్ ప్లగ్ తీగ తీయించాడు. ఆ తీగ కొసను లోహానికి తగిలేటట్లు కట్టించి మళ్ళీ నడిపించాడు. బేరింగ్ పోయిన సిలిండర్‌లో మంట ఆగితే చప్పుడు తగ్గాలి. నాలుగింటిని ఒకదాని తరువాత ఒకటి ఇలా చూచారు. దేనికీ చప్పుడు తగ్గలేదు. కనుక బేరింగులు కావు.

రెండవ అనుమానం పెట్రోలు. తగని పెట్రోలు వేసినా, మంట ముందుగా అంటుకొన్నా ఇంజిన్ గలగలమంటుంది. కాని అది సాధారణంగా బరువు లాగేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది. ఇది నిలిచిన చోటనే వచ్చింది. కనుక అదీ కాదు.

మూడవ అనుమానం టైమింగ్ చెయిన్. వదులైన చెయిన్ స్టార్ట్ చేయగానే, నెమ్మదిగా తిరిగేటప్పుడు కరకరమంటుంది. ఇక్కడ ఆ వేళల్లో చప్పుడే లేదు.

ఇప్పుడు తాతయ్య పొడుగైన స్క్రూడ్రైవర్ తీసుకొన్నాడు. ఫ్యానుకు దూరంగా నిలబడి, దాని కొనను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి వద్ద పెట్టుకొన్నాడు. పారిస్ నగరంలో లెనెక్ అనే వైద్యుడు 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. తాతయ్య చేసింది అటువంటి పనే.

కాని ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇంజిన్ ముందు భాగంలో ఎక్కడ ఆనించినా చప్పుడు గట్టిగానే వినిపించింది! ఎందుకు? శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో సుమారు 5000 మీటర్లు పోతుంది. లోహం శబ్దాన్ని ఒక చోటి నుండి మరొక చోటికి తేలికగా మోసుకుపోతుంది. వినిపించిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు కావచ్చు. షెడ్డువారు పొరబడింది బహుశా ఇక్కడే.

"ముందు వైపు అని తేలింది. ఫ్యాన్ బెల్టు తీయి" అన్నాడు తాతయ్య. ఆ బెల్టు నీటి పంపునూ, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. అది లేకపోతే ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. కనుక అర నిమిషం మాత్రమే నడిపారు. 2500 చుట్లు. చప్పుడు లేదు!

ఇక మిగిలినవి రెండు. నీటి పంపు ఇరుసును ఆడించి చూచారు. గట్టిగా ఉంది. ఆల్టర్నేటర్‌ను చేతితో తిప్పారు. మెత్తగా తిరిగింది. ముగ్గురూ ముఖాలు చూచుకొన్నారు. అంతలో రైలు పోయింది. పైన వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి.

"తాతయ్యా! గ్లాసులు బాగానే ఉన్నాయిగా. వాటి అరే వదులు" అన్నది అమ్మాయి.

తాతయ్య ఒక క్షణం ఆమె వైపు చూచాడు. ఆల్టర్నేటర్ వెనుకకు చేయి పోనిచ్చాడు. దానిని ఇంజిన్‌కు పట్టి ఉంచే వెనుక బోల్టు వేలితోనే కదిలింది. దాని రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. బెల్టు లాగి పట్టినంతసేపు అంతా గట్టిగా ఉన్నట్లే తోచింది. వదులైన ప్రతి వస్తువుకూ తన ఊపు తనకుంటుంది. ఆ ఊపుకు సరిపడే వేగం వచ్చినప్పుడే అది మోగుతుంది. గ్లాసులు కొన్ని రైళ్ళకే ఎందుకు మోగుతాయో అమ్మాయికి అప్పుడు తెలిసింది.

కొత్త బోల్టు, వాషర్, రంధ్రానికి సరిపడే చిన్న బుష్ తెచ్చి బిగించారు. అన్నీ కలిపి కొద్ది డాలర్లు. బెల్టు వేశారు. 2500 చుట్లు. నిశ్శబ్దం. బాబాయి ఎగిరి గంతేశాడు.

"ఆగు. బోల్టు కొంచెం వదులు చేయి" అన్నాడు తాతయ్య.

"ఎందుకు నాన్నా? బాగైందిగా!"

"ట్యాపెట్ సరిచేసినప్పుడూ అలాగే సంతోషించావు."

ఇంజిన్ ఆపి బోల్టు వదులు చేసి చూచారు. గలగల! మళ్ళీ బిగించారు. నిశ్శబ్దం. "ఇప్పుడు నమ్ము" అన్నాడు తాతయ్య.

అంచనా కాగితాన్ని బాబాయి నాలుగు మడతలు పెట్టి చేతులకంటిన గ్రీజు తుడుచుకొన్నాడు. కారులో రెండే సీట్లు. మొదటి షికారుకు తాతయ్య కూర్చొన్నాడు. అమ్మాయి తన వంతుకోసం మెట్లమీద ఎదురుచూచింది.

మరుసటి ఆదివారం పక్కింటావిడ తలుపు తట్టింది. "బాబాయిగారూ! మా వాషింగ్ మెషిన్ అదోరకం చప్పుడు చేస్తున్నదండీ. ఒకసారి వస్తారా?"

"ఏ చప్పుడమ్మా?" అంటూ తాతయ్య లేచాడు. "గరగర, తాతయ్యా! నేను విన్నాను" అన్నది మనుమరాలు.

పదాలు – అర్థాలు

సవ్వడి = చప్పుడు, ధ్వని
జాడ = ఆనవాలు, గుర్తు
బీట = పగులు
తొణకని = చలించని
ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ

ప్రశ్నలు

1. షెడ్డువారు చెప్పిన కారణం తప్పని తాతయ్య ఏయే సాక్ష్యాలతో తేల్చాడు?
2. వినిపించిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు కావడానికి కారణమేమి?
3. బాగైన బోల్టును తాతయ్య మళ్ళీ ఎందుకు వదులు చేయించాడు?
4. ఈ ఇంజిన్‌లో ప్రతి వాల్వూ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 2500 చుట్లు తిరిగితే ఒక వాల్వు ఎన్నిసార్లు తెరుచుకుంటుంది?

భాషాంశం

గలగల, టకటక, ధబధబ వంటివి ధ్వన్యనుకరణ పదాలు. వినిపించిన ధ్వనిని అనుకరించి పుట్టినవి. గజ్జెలు ఘల్లుఘల్లుమంటాయి. పోపు చిటపటలాడుతుంది. ఆకులు గలగలలాడతాయి. తలుపు కిర్రుమంటుంది. ఇటువంటి పదాలు మరి ఐదు సేకరించి సొంత వాక్యాలలో రాయండి.

చేసి చూడండి

ఇంట్లో పది నిమిషాలు కన్నులు మూసుకొని కూర్చోండి. వినిపించిన ప్రతి సవ్వడికి తెలుగు పేరు రాయండి. పేరు తెలియనివి అమ్మమ్మనో తాతయ్యనో అడగండి. నడిచే ఇంజిన్ దగ్గరకు మాత్రం పెద్దలు తోడు లేకుండా పోకండి.