యంత్రమునకు దుబాసి

విద్యార్థులారా! తూర్పు ఇండియా కంపెనీవారు చెన్నపట్టణమున వర్తకము సాగించుచున్న దినములలో దుబాసీలని పిలువబడు ఉద్యోగులు ఉండెడివారు. కంపెనీ దొరకు తెలుగు రాదు. బట్టలు నేయువారికి ఇంగ్లీషు రాదు. ఇరువురి నడుమ నిలిచి, ఒకరి మాట మరియొకరికి బోధపడునట్లు చెప్పువాడు దుబాసి. రెండు భాషలు ఎరిగినవాడగుటచేత అతనిని ద్విభాషియనియు అనెడివారు. ‘కాశీయాత్ర చరిత్ర’ వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసినవారే. దుబాసి నేర్పరియైనచో బేరము కుదురును, వ్యాజ్యము తీరును. అతడు తెలిసీ తెలియని మాటలు చెప్పినచో ఇరుపక్షములకును నష్టమే.

కంప్యూటరులో కూడ ఇట్టి దుబాసి ఒకడు కలడు. అతడు కంటికి కనబడడు. అతని పేరు డ్రైవరు. మోటారుబండి నడుపువానిని డ్రైవరందుము గదా! ప్రింటరు, స్కానరు, శబ్దపు కార్డు మొదలైన పరికరములను నడిపించు చిన్న ప్రోగ్రామునకు కూడ ఆ పేరే పెట్టిరి.

ఈ దుబాసితో పనియేమి? కంప్యూటరులోని పనులన్నిటిని ఒక క్రమమున నడుపు పెద్ద ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. లోకమున ప్రింటర్లు చేయు కంపెనీలు పెక్కు. ఒక్కొక్క కంపెనీ పెక్కు రకముల ప్రింటర్లను చేయుచున్నది. ఒక్కొక్కదానికి ఆజ్ఞలిచ్చు పద్ధతి ఒక్కొక్క తీరుగ ఉండును. వీటినన్నిటిని ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగనే నేర్చియుండుట సాధ్యము కాదు. రేపు పుట్టబోవు ప్రింటరు సంగతి దానికి నేడెట్లు తెలియును? అందువలన పరికరమును చేసినవారే దాని భాషను, ఆపరేటింగ్ సిస్టమ్ భాషను ఎరిగిన డ్రైవరును వ్రాసి, పరికరముతోపాటు ఇచ్చుచుందురు.

మీరొక ఉత్తరము వ్రాసి, దానిని అచ్చువేయుమని కంప్యూటరునకు చెప్పితిరనుకొనుడు. ఆ కోరిక మొదట ఆపరేటింగ్ సిస్టమునకు చేరును. అది డ్రైవరును పిలిచి, “ఈ పుటను అచ్చువేయింపుము” అని చెప్పును. డ్రైవరు ఆ మాటను ప్రింటరునకు తెలియు సంజ్ఞలుగ మార్చి పంపును. నడుమ కాగితము అయిపోయినచో, ప్రింటరు ఆ సంగతిని డ్రైవరునకే తెలుపును. డ్రైవరు దానిని ఆపరేటింగ్ సిస్టమునకు చేరవేయగా, తెరమీద మీకొక హెచ్చరిక కనబడును. ఇట్లు వార్త ఇరువైపులకును నడచుచుండును.

నేడు ఒక పరికరమును తగిలింపగనే అది తనంతట తానే పనిచేయుట చూచుచున్నాము. పూర్వమీ పని ఇంత సులభము కాదు. 1981వ సంవత్సరమున ఐ.బి.ఎమ్. కంపెనీవారి పర్సనల్ కంప్యూటరుతోపాటు డాస్ అను ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడెను. క్రొత్త డ్రైవర్లను వాడుకరి తానే చేర్చుకొను సదుపాయము 1983లో దాని రెండవ రూపముతో వచ్చినది. ‘కాన్ఫిగ్.సిస్’ అను చిన్న ఫైలులో, ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క పంక్తి చొప్పున, ‘డివైస్’ అను మాట వ్రాసి, దాని ప్రక్కన డ్రైవరు ఉన్న చోటును, దాని పేరును వ్రాయవలెను. ఒక్క అక్షరము తప్పినను ఆ డ్రైవరు మేల్కొనదు. సీడీ డ్రైవునకైతే ఈ ఒక్క పంక్తి చాలదు. ‘ఆటోఎగ్జెక్.బ్యాట్’ అను వేరొక ఫైలులో మరియొక పంక్తిని కూడ చేర్చవలెను. ఆ రెండు పంక్తులలోను పరికరమునకు పెట్టిన ముద్దుపేరు ఒక్కటిగ ఉన్నగాని పని జరుగదు.

అంతటితో చిక్కులు తీరలేదు. ప్రతి పరికరమును తనకు పని కలిగినపుడు ప్రాసెసరును పిలువవలెను. తరగతిలో విద్యార్థి చేయి యెత్తినట్లు ఇది జరుగును. ఏ విద్యార్థి పిలిచెనో ఉపాధ్యాయునకు తెలియుటకు వరుస సంఖ్యలున్నట్లే, పరికరములకును సంఖ్యలుండెను. 1984లో వచ్చిన ఐ.బి.ఎమ్. ఏ.టీ. కంప్యూటరు మొదలుకొని ఈ సంఖ్యలు 0 నుండి 15 వరకు మొత్తము 16. వీటిలో 0 గడియారమునకు, 1 కీబోర్డునకు, 6 ఫ్లాపీ డ్రైవునకు, 7 మొదటి ప్రింటరు ద్వారమునకు కేటాయింపబడినవి. 1989లో సింగపూరునకు చెందిన క్రియేటివ్ కంపెనీవారు సౌండ్ బ్లాస్టర్ అను శబ్దపు కార్డును తెచ్చిరి. దాని తొలి రకములు 7వ సంఖ్యతోనే వచ్చుచుండెడివి. ఒకే సంఖ్యతో ఇద్దరు చేయి యెత్తినచో ఉపాధ్యాయుడేమి చేయగలడు? ప్రింటరు, శబ్దపు కార్డు ఒకేమారు పనికి పూనినపుడు అట్టి చిక్కే కలుగవచ్చును.

అప్పుడు వాడుకరి ఏమి చేయవలెను? కంప్యూటరును ఆపి, పెట్టె విప్పి, కార్డుమీద నిలిచియున్న సన్నని సూదులపై తొడిగిన జంపరు అను చిన్న తొడుగును ఊడదీసి, 5వ సంఖ్య వద్ద తొడుగవలెను. పిదప ‘ఆటోఎగ్జెక్.బ్యాట్’ ఫైలులో ‘సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1’ అని వ్రాయవలెను. ఇందు ‘ఏ’ కార్డు చిరునామాను, ‘ఐ’ పిలుపు సంఖ్యను, ‘డీ’ జ్ఞాపకశక్తితో నేరుగ వ్యవహరించు మార్గపు సంఖ్యను తెలుపును. కార్డుమీద ఒక సంఖ్య, ఫైలులో వేరొక సంఖ్య ఉన్నచో కంప్యూటరు మూగబోవును. ఆ కాలమున ఈ పనిని నేర్చినవారికి యంత్రపు లోపలి సంగతి చాలవరకు బోధపడెడిది.

ఈ శ్రమను తొలగింపదలచి, 1995లో మైక్రోసాఫ్ట్ కంపెనీవారు విండోస్ 95తో ‘ప్లగ్ అండ్ ప్లే’ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. తగిలించినంతనే పనిచేయునని దాని భావము. సంఖ్యలు పంచు భారమును ఆపరేటింగ్ సిస్టమే వహించెను. కాని తొలి దినములలో అది పెక్కుమార్లు తడబడెను. 1998 ఏప్రిల్ 20వ తేదీన చికాగో నగరమున జరిగిన ప్రదర్శనలో, ఇంకను విడుదల కాని విండోస్ 98ను చూపుచు, బిల్ గేట్స్ ఎదుట ఒక స్కానరును కంప్యూటరునకు తగిలించిరి. డ్రైవరు చేరుచున్న సమయమున కంప్యూటరు నిలిచిపోయి, తెర నీలిరంగునకు మారెను. సభ యావత్తు నవ్వినది. ఎంత పెద్ద కంపెనీవారైనను ఒక చిన్న దుబాసి తప్పిదమునకు తలయొగ్గవలసివచ్చెను.

పాత కంప్యూటరులో డ్రైవరును చేర్చు క్రమమును ఇప్పుడు తెలిసికొందము. 2001లో విడుదలయైన విండోస్ ఎక్స్‌పీని ఉదాహరణముగ గ్రహింతము. దానికి మైక్రోసాఫ్ట్‌వారి సంరక్షణ 2014 ఏప్రిల్ 8వ తేదీతో ముగిసినది. కావున అట్టి కంప్యూటరును ఇంటర్నెట్టునకు తగిలింపక, డ్రైవరును వేరొక కంప్యూటరులో సంపాదించి, వైరస్ లేదని పరీక్షించి, సీడీలోగాని పెన్‌డ్రైవులోగాని తెచ్చుట క్షేమము.

మొదట పరికరము పేరును, దాని నమూనా సంఖ్యను చీటిలో వ్రాసికొనవలెను. చీటి చిరిగి సంఖ్య తెలియనిచో, ‘డివైస్ మేనేజర్’ అను చోట చూడవలెను. డ్రైవరు లేని పరికరమువద్ద అచట పసుపు రంగు గుర్తు కనబడును. దాని వివరములలో పరికరమును చేసిన కంపెనీ సంఖ్య, పరికరపు సంఖ్య లభించును. ఇంటెల్ కంపెనీవారి సంఖ్య 8086. 1978లో వారు వెలువరించిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరే ఇది! ఈ సంఖ్యలు పరికరమునకు ఇంటిపేరు, పేరు వంటివి.

రెండవది, డ్రైవరు తన ఆపరేటింగ్ సిస్టమునకే వ్రాయబడినదా యని సరిచూచుకొనవలెను. పిదప, ‘సిస్టమ్ రిస్టోర్’ సాయమున నేటి స్థితిని గుర్తుగ నిలుపవలెను. కీడు వాటిల్లినచో వెనుకకు మరలుటకు ఇది దారి. కొన్ని యూ.ఎస్.బి. పరికరములను డ్రైవరు చేర్చిన పిదపనే తగిలింపవలెను. కావున కంపెనీవారు ఇచ్చిన సూచనలను ముందుగ చదువుట మరువరాదు. అటుపిమ్మట డ్రైవరును చేర్చి, కంప్యూటరును ఆపి మరల నడిపించి, ఒక చిన్న పని చేయించి పరీక్షింపవలెను. ఒకమారు ఒకే మార్పు చేయవలెను. రెండు మూడు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది చెరచినదో తెలియదు. క్రొత్త డ్రైవరు సరిపడనిచో, ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ అను మీట పాతదానిని తిరిగి తెచ్చును. కంప్యూటరు అసలు తెరుచుకొననిచో, ఆరంభమున ఎఫ్8 మీట నొక్కి ‘సేఫ్ మోడ్’లో ప్రవేశింపవలెను. అచట అత్యవసరమైన కొద్ది డ్రైవర్లు మాత్రమే పనిచేయుచుండును గనుక, చెడు చేసినదానిని తొలగించుట సాధ్యమగును.

ఇంత జాగ్రత్త ఎందుకని మీరడుగవచ్చును. సామాన్యమైన ప్రోగ్రాము తప్పు చేసినచో అదొక్కటియే పడిపోవును. కాని చాల డ్రైవర్లు ఆపరేటింగ్ సిస్టమ్ అంతరంగమున నివసించును. రాజు ప్రక్కన నిలుచు దుబాసి ద్రోహము రాజ్యమునకే ముప్పుగదా! 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా కంపెనీవారు పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలును, అట్లే అంతరంగమున పనిచేయు వారి డ్రైవరు చదివెను. అంతట లోకమందు సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయెను. విమానములు ఆగిపోయెను. ఆసుపత్రుల పనికి, బ్యాంకుల పనికి అంతరాయము కలిగెను. పెక్కు చోట్ల పనివారు ఒక్కొక్క కంప్యూటరును సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఫైలును చేతితో తొలగింపవలసివచ్చెను.

మరియొక విచారకరమైన సంగతి కలదు. పరికరము చెడకయే ముసలిదగును. ఆపరేటింగ్ సిస్టమ్ మారినపుడు పాత డ్రైవరు పనికిరాదు. 64 బిట్ల విండోసులో 32 బిట్ల డ్రైవరు నడువదు. కంపెనీవారు క్రొత్త డ్రైవరును వ్రాయనిచో, చక్కగ పనిచేయు స్కానరు కూడ చెత్తకుప్ప పాలగును. వస్తువు మనదే, దాని భాష మాత్రము ఇతరుల పెట్టెలో బీగము వేయబడియున్నది!

ఈ అన్యాయమును గుర్తించినవారిలో రిచర్డ్ స్టాల్‌మన్ ఒకడు. అతడు అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేయుచుండెను. అచటి పాత ప్రింటరులో కాగితము ఇరుక్కొన్నచో, అచ్చునకై వేచియున్నవారికి వార్త పంపునట్లు దాని ప్రోగ్రామును అతడు సవరించియుండెను. 1980 ప్రాంతమున జెరాక్స్ కంపెనీవారి క్రొత్త లేజరు ప్రింటరు వచ్చెను. దాని ప్రోగ్రాము మూలమును చూపుమని కోరగా, అది వానికి లభింపలేదు. ఒకరు నేర్చినది పదిమందికి ఉపయోగపడకుండుట అతని మనస్సును నొప్పించెను. 1983లో అతడు గ్నూ అను ఉద్యమమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. నేడు లినక్సు డ్రైవర్లలో పెక్కింటి మూలము అందరికిని తెరచియుండును. ‘సేన్’ అను స్వేచ్ఛా ప్రోగ్రాముల సమూహము వలన, కంపెనీలు విడిచిపెట్టిన పాత స్కానర్లు పెక్కు నేటికిని పనిచేయుచున్నవి.

విద్యార్థులారా! మీ పాఠశాలలోనో ఇంటిలోనో ఒక పాత యంత్రము మూలబడియున్నచో, అది చెడినదని వెంటనే నిర్ణయింపకుడు. దాని పేరు తెలిసికొనుడు. దానికి తగిన దుబాసిని వెదకుడు. పెద్దల అనుమతితో, ఓపికతో, ఒక్కొక్క అడుగు వేసి ప్రయత్నింపుడు. చేసిన ప్రతి మార్పును కాగితముమీద వ్రాసియుంచుడు. మీ తరువాత ఆ యంత్రము ముందు కూర్చుండువానికి ఆ కాగితమే మార్గదర్శి యగును.

ప్రశ్నలు

1. డ్రైవరును దుబాసితో ఏల పోల్చిరి?
2. డాస్ కాలమున శబ్దపు కార్డును అమర్చుటలో కలిగిన చిక్కులెవ్వి?
3. డ్రైవరును చేర్చుటకు ముందు తీసికొనవలసిన జాగ్రత్తలను వరుసగ వ్రాయుడు.
4. సామాన్యమైన ప్రోగ్రాము తప్పునకు, డ్రైవరు తప్పునకు గల భేదమేమి?
5. “వస్తువు మనదే, దాని భాష మాత్రము ఇతరుల పెట్టెలో బీగము వేయబడియున్నది” – వివరింపుడు.